రాతి మీద లేని పేరు

అమ్మా,

ఆశీస్సులు. నువ్వు పంపిన నీ నవల నలభై పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి భోజనాలయ్యాక, కథ కోసం చదివాను. రెండోసారి తెల్లవారుజామున లేచి, పెన్సిల్ పట్టుకుని చదివాను. ఫోన్ చేసి నాలుగు మాటలు చెప్పేయొచ్చు గానీ, నువ్వు ఎత్తుకున్న విషయం ఫోన్‌లో తెమిలేది కాదు.

ముందు నాకు నచ్చింది చెబుతాను. ఈజిప్టులోని కర్నాక్ గుడి ఆవరణలో గడ్డి పీకే ముసలి పూజారి పేజీ. రాళ్ళ సందులో వేరు తెగిపోతే గోళ్ళతో తవ్వి మరీ తీస్తాడు చూడు, అది చదువుతుంటే నా వేళ్ళ చివర్లు మండినట్టయింది. ఆ పేజీ ఎవరు తీసెయ్యమన్నా తియ్యకు.

ఇబ్బంది ఆ తర్వాతి అధ్యాయంలో వచ్చింది. తొమ్మిదేళ్ళ ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ థీబ్స్ కొలువులో లేచి నిలబడి, "మా తండ్రి పాపం చేశాడు, దేవుళ్ళను వెళ్ళగొట్టాడు, నేను వాళ్ళను తిరిగి తెస్తాను" అని ముప్పావు పేజీ మాట్లాడతాడు. సభ అంతా జేజేలు కొడుతుంది. పేజీ తిప్పేసరికి గుడి తలుపులు తెరుచుకుంటాయి. తండ్రి పిచ్చివాడు, కొడుకు దేవుడు పంపిన బిడ్డ. అంతవరకూ నువ్వు ఊపిరి పోసిన పిల్లవాడు అక్కడ బొమ్మైపోయాడు.

ఆ ఉపన్యాసం నీకు ఎక్కడ దొరికిందో నాకు తెలుసు. 1905లో జార్జ్ లెగ్రాన్ అనే ఫ్రెంచి పురావస్తు పరిశోధకుడికి కర్నాక్‌లో దొరికిన శిలాశాసనం అది. పునరుద్ధరణ శాసనం అంటారు, ఇప్పుడు కైరో మ్యూజియం సొత్తు. అందులో ఉన్నది ఇంచుమించు ఇదీ: దక్షిణాన ఎలిఫెంటైన్ నుంచి ఉత్తరాన డెల్టా చిత్తడి నేలల దాకా గుళ్ళు పాడుబడ్డాయి. గర్భగుళ్ళు దిబ్బలై గడ్డి మొలిచింది. మందిరాలు అసలు ఎప్పుడూ లేనట్టే అయ్యాయి, వాటి లోపలి నుంచి జనం దారి చేసుకుని నడిచారు. దేవుళ్ళు ఈ దేశం ముఖం చూడటం మానేశారు. సిరియా వైపు సైన్యాన్ని పంపితే గెలుపు దక్కలేదు. దేవుణ్ణి పిలిస్తే రాలేదు, దేవతను పిలిస్తే ఆమే రాలేదు. అప్పుడు ఈ రాజు తండ్రి సింహాసనం ఎక్కి, తన మనసుతో తాను ఆలోచించుకుని, అన్నీ మళ్ళీ నిలబెట్టాడు.

గొప్ప వాక్యాలు. నీలాగే నేనూ మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు గగుర్పొడిచింది. కానీ ఆ శాసనాన్ని ఇంకోసారి, ఒకే ఒక్క పదం కోసం వెతుకుతూ చదువు. అఖెనాటెన్ అనే పేరు కోసం. పాత దేవుళ్ళను తోసేసి, ఆటెన్ అనే సూర్యబింబాన్నే కొలవమన్న రాజు, ఆ పిల్లవాడి తండ్రి. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఉండదు. గుళ్ళు పాడుబడ్డాయి అని ఉంటుంది, పాడు చేసిందెవరో ఉండదు. దేవుళ్ళు వెళ్ళిపోయారు అని ఉంటుంది, వెళ్ళగొట్టిందెవరో ఉండదు. నువ్వు ఆ పిల్లవాడి నోట పెట్టిన "మా తండ్రి పాపం చేశాడు" అన్న మాట, ఆ రాతి మీద చెక్కించిన పెద్దలు కూడా అనలేదు.

నీ నవల అంతా ఆ అనని మాటలో ఉందని నా నమ్మకం. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది కూడా ఇదొక్కటే. మిగతావి దానికోసం చెబుతున్నవి.

శాసనాన్ని నమ్మి మోసపోవడం నాకు తెలిసిన సంగతే. నా మొదటి చారిత్రక నవలలో శాసనాల్లోని ప్రశస్తి పద్యాలను తీసుకొచ్చి రాజుగారి సంభాషణలుగా మార్చేశాను. ఒక పాఠకురాలు కార్డు రాశారు: "మీ రాజు అన్నం ఎప్పుడు తింటాడండీ?" అని. ఎన్ని రోజులు ఆలోచించినా నా దగ్గర జవాబు లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. శాసనం అబద్ధం చెబుతుందని కాదు నేను అనేది. అది మాట్లాడే పద్ధతి ఒకటి ఉంటుంది. నా ముందు అంతా చీకటి, నేను వచ్చాకే వెలుగు అనడం ఈజిప్టు రాజులకు రివాజు. హత్‌షెప్సుత్ రాణి వందేళ్ళకు పైగా ముందే స్పియోస్ ఆర్టెమిడోస్ గుడి మీద, పాడుబడినవాటిని నేనే నిలబెట్టాను అని చెక్కించుకుంది. కాబట్టి ఆ గడ్డి నిజంగా మొలిచిన గడ్డి కావచ్చు, రాజభాషలో మొలిచిన గడ్డీ కావచ్చు. నీ పూజారి పీకేది మాత్రం నిజం గడ్డే కానివ్వు.

ఇక ఏళ్ళ లెక్క సరిచేసుకో. నీ కథలో తండ్రి పోయిన మర్నాడే కొడుకుకి పట్టాభిషేకం. అలా జరగలేదు. అఖెనాటెన్ 17 ఏళ్ళు ఏలి, క్రీ.పూ. 1336 ప్రాంతంలో పోయాడు. మధ్యలో స్మెంఖ్‌కారె, నెఫర్‌నెఫెరుఆటెన్ అనే పేర్లతో కొద్దికాలం పాలన నడిచింది. ఆ తర్వాత, క్రీ.పూ. 1332 ప్రాంతంలో ఎనిమిదీ తొమ్మిదేళ్ళ పిల్లవాడు గద్దె ఎక్కాడు. అంటే తండ్రి పోయేనాటికి వాడు నాలుగైదేళ్ళ వాడై ఉంటాడు. నాలుగేళ్ళ పిల్లవాడికి తండ్రి అంటే ఏం గుర్తుంటుంది? ఎత్తుకున్నప్పుడు తగిలిన మెడ గొలుసు, గొంతు, ఒంటి వాసన. మతం, విధానం, తప్పు, ఒప్పు, ఇవేవీ గుర్తుండవు. నువ్వు అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఇంకొకటి. నీ కొలువు థీబ్స్‌లో ఉంది. శాసనం ప్రకారం ఆ నిర్ణయం జరిగింది మొదటి థుట్మోస్ పేరున ఉన్న ఎస్టేటులోని రాజభవనంలో. అది ఉత్తరాన మెంఫిస్‌లో ఉండేదని పండితులు అంటారు. థీబ్స్ అమున్ అనే దేవుడి ఊరు, కర్నాక్ ఆయన గుడే. మెంఫిస్ ప్తాహ్ అనే దేవుడి ఊరు, పాలనకు కేంద్రం. పిల్లవాణ్ణి థీబ్స్‌లో కూర్చోబెడితే పూజారుల నీడలో కూర్చోబెట్టినట్టు అవుతుంది. మెంఫిస్‌లో అయితే చుట్టూ ఉండేది లెక్కలు రాసేవాళ్ళు, సైన్యాధికారులు, ధాన్యం కొలిచేవాళ్ళు. గది మారితే సంభాషణ కూడా మారుతుంది, రాసి చూడు.

ఆ గదిలో కొలువులోని పెద్ద అధికారి ఆయ్ ఉంటాడు. ఈయన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు, నాకు చాలా బాధేసింది. అఖెనాటెన్ కట్టించిన కొత్త రాజధానిలో, ఇప్పుడు మనం అమర్నా అంటున్న చోట, ఆయ్ తనకోసం ఒక సమాధి తొలిపించుకున్నాడు. దాని గోడ మీద ఆటెన్ మహాస్తోత్రం మొత్తం చెక్కించుకున్నాడు. సూర్యబింబమే ఏకైక దైవం, గుడ్డులో పిల్లకు ఊపిరి పోసేది కూడా ఆయనే అని చెప్పే ఆ స్తోత్రం అంత పూర్తిగా మనకు మిగిలింది ఆ గోడ మీదే. అదే ఆయ్, కొన్నేళ్ళకు, ఈ పిల్లవాడి పక్కన నిలబడి పాత దేవుళ్ళను తిరిగి తెచ్చాడు. ఆ పిల్లవాడు పోయాక అంత్యక్రియలు చేసిందీ ఆయనే. టుటన్‌ఖామున్ సమాధి గోడ మీద చిరుతపులి తోలు కప్పుకుని, మమ్మీ నోరు తెరిచే తంతు చేస్తున్నట్టు ఆయ్ బొమ్మ ఉంది. ఈ మనిషిని అవకాశవాది అని తేల్చెయ్యడం చాలా తేలిక. అలా తేల్చకు. ఆ స్తోత్రం చెక్కించినప్పుడు నమ్మే చెక్కించాడేమో. పిల్లవాడికి కొత్త పేరు పెట్టిన రాత్రి ఆ గోడ గుర్తొచ్చిందేమో. ఆ రాత్రి ఒక అధ్యాయం అవుతుంది.

పేరు సంగతికి వస్తాను. పుట్టినప్పుడు వాడు టుటన్‌ఖాటెన్, ఆటెన్‌కు సజీవ ప్రతిరూపం అని అర్థం. పాలన మొదటి ఏళ్ళలోనే టుటన్‌ఖామున్ అయ్యాడు, అమున్‌కు సజీవ ప్రతిరూపం. అఖెనాటెన్, నెఫర్టిటి మూడో కూతురు అంఖెసెన్‌పాఆటెన్ వాడి భార్య. ఆమె కూడా అంఖెసెనామున్ అయింది. ఇద్దరు పిల్లలు. ఒక తండ్రి బిడ్డలే అని ఎక్కువమంది అనుకుంటారు. ఒకరోజు పొద్దున వాళ్ళిద్దరి పేర్లలోంచీ తండ్రి దేవుణ్ణి తీసేశారు. నువ్వు ఈ పేరు మార్పును ఒక ప్రకటనగా రాశావు. నేనైతే వాళ్ళిద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు ఒకరినొకరు ఏ పేరుతో పిలుచుకున్నారో రాస్తాను. వాళ్ళ ఇంట్లో అలవాటైన పేరు ఒక్కపూటలో పోదు కదా. నీ చిన్నప్పుడు బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉండేవి గుర్తు తెచ్చుకో.

ఇది ఊహ మాత్రమే అనుకోకు. 1922 నవంబరులో హోవర్డ్ కార్టర్ అనే పురావస్తు పరిశోధకుడు టుటన్‌ఖామున్ సమాధి తెరిచినప్పుడు అయిదు వేలకు పైగా వస్తువులు బయటపడ్డాయి. వాటిలో బంగారు సింహాసనం మీద రెండు పేర్లూ ఉన్నాయి, ఒకచోట ఆటెన్‌తో, మరోచోట అమున్‌తో. ఆ సింహాసనం వీపు పలక మీద రాజు కూర్చుని ఉంటాడు, రాణి ఆయన భుజానికి పరిమళం పూస్తుంటుంది, పైన ఆటెన్ బింబం చేతుల్లాంటి కిరణాలు చాపి ఉంటుంది. దేవుళ్ళను తిరిగి తెచ్చిన రాజు తండ్రి దేవుడి కిరణాల కింద బొమ్మగా కూర్చున్న ఆ కుర్చీని పారేయలేదు, సమాధి దాకా తీసుకెళ్ళాడు. ద్రాక్షసారా జాడీలు కూడా చూడు. వాటి మీద పాలనా సంవత్సరాలు రాసి ఉన్నాయి. కొన్నిటి మీద ఆ సారా వచ్చింది ఆటెన్ ఎస్టేటు ద్రాక్షతోటల నుంచి అని ఉంది. అంటే కర్నాక్‌లో అమున్‌కు మళ్ళీ నైవేద్యాలు నడుస్తున్న రోజుల్లోనూ ఆటెన్ పేరున ఉన్న తోటల్లో పళ్ళు కోస్తూనే ఉన్నారు. నీ కథలో ఒక్కరాత్రిలో అంతా మారిపోతుంది. నిజంలో జాడీల మీద రాత కూడా అంత తొందరగా మారలేదు.

అవతలి వైపు నుంచి కూడా అంతే. అమర్నాలో పనివాళ్ళు ఉన్న వాడలో తవ్వితే బెస్, టవెరెట్ తాయెత్తులు దొరికాయి. మరుగుజ్జు రూపంలో ఇంటిని కాచే బెస్, నీటిగుర్రం రూపంలో ప్రసవాలను కాచే టవెరెట్. రాజు కళ్ళెదుట, ఆయన కట్టిన ఊళ్ళోనే ఆడవాళ్ళు కాన్పుకి ముందు పాత దేవతనే తలుచుకున్నారు. థీబ్స్‌లో ఒక సమాధి గోడ మీద పవాహ్ అనే రాతగాడి ప్రార్థన ఉంది. అది నెఫర్‌నెఫెరుఆటెన్ మూడో ఏట రాసింది, అంటే ఈ పిల్లవాడు గద్దె ఎక్కకముందే. మా దగ్గరికి తిరిగి రా, నువ్వు ఇవేవీ లేనప్పుడూ ఉన్నావు, ఇవన్నీ పోయాకా ఉంటావు, చీకటి చూపించావు, ఇక వెలుగు చూపించు అని అమున్‌ను వేడుకుంటాడు. ఆ ప్రార్థన నీ నవలలో ఎక్కడో ఒకచోట రావాలి. పూజారి గడ్డి పీకుతూ గొణుక్కునే మాటలు అవే అయితే ఎంత బాగుంటుందో.

దేవుడు తిరిగి రావడం అంటే ఏమిటో కూడా చూపించు. నువ్వు తలుపులు తెరిచి ఊరుకున్నావు. శాసనం ఇక్కడ చాలా వివరంగా ఉంది, రాజభాష ఆగిపోయి ఖాతా పుస్తకం మొదలవుతుంది. అమున్ ఉత్సవ విగ్రహాన్ని మేలిమి బంగారంతో, లాజవర్దం, ఫిరోజా రాళ్ళు పొదిగి చేయించారు. ఇంతకు ముందు 11 మోతకర్రల మీద ఊరేగేవాడు, ఇప్పుడు 13. ప్తాహ్‌కు 11. పూజారులను ఊళ్ళలో పేరున్న మనుషుల పిల్లల్లోంచి ఎంచారు, తండ్రి పేరు అందరికీ తెలిసినవాళ్ళే కావాలన్నారు. బంగారు, వెండి, రాగి, కంచు సామాను ఇచ్చారు. యుద్ధంలో పట్టుకొచ్చిన దాసీలు, దాసులతో గుడి పని చోట్లు నింపారు. లెబనాన్ దేవదారుతో దేవుడి నదీ నౌకలు చేయించారు. రాజభవనంలో పాడేవాళ్ళను, ఆడేవాళ్ళను గుళ్ళకు అప్పగించి వాళ్ళ జీతం రాజభవనం మీదే వేశారు. దీనికంతటికీ డబ్బు ఎక్కడిది? పాలన ఎనిమిదో ఏట ఖజానా అధికారి మాయా దేశమంతా పన్ను వసూలు చేసి దేవుళ్ళకు నైవేద్యాలు ఏర్పాటు చెయ్యాలని రాజాజ్ఞ తీసుకున్నట్టు ఒక శిల మీద ఉంది. ఎనిమిదో ఏడు! అంటే ఆ పని ఆ పిల్లవాడి పాలన పొడవునా సాగింది. ఇరవై ఏళ్ళు నిండకుండానే వాడు పోయాడు. వాడి బతుకు మొత్తం ఈ పనే.

ఆ దాసుల మాట నువ్వు ఎత్తలేదు. దేవుళ్ళు తిరిగి వచ్చిన పండుగ రోజున ఒక స్త్రీ గుడి నేతశాలలో కట్టుబానిసగా చేరింది, ఏ దేశం నుంచి తెచ్చారో ఆమె భాష అక్కడ ఎవరికీ రాదు. ఆమెను ఒక్క పేరాలోనైనా చూపించు.

గుడి మూతపడితే ఇంట్లో ఏం జరుగుతుందో నీకు పట్టుబడలేదనిపించింది. ఈజిప్టు గుడి అంటే పొలాలు, మందలు, పడవలు, రొట్టెల బట్టీలు, నేతవాళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు. దేవుడి ముందు పెట్టిన రొట్టె, మాంసం, బీరు పూజ అయ్యాక అక్కడ పనిచేసేవాళ్ళకు పంచేవాళ్ళు. మన ప్రసాదంలా చిటికెడు కాదు, వాళ్ళ జీతమే అది. అమున్ పూజ ఆగడం అంటే ఆ రొట్టెలు ఆగడం. నీ పూజారి గడ్డి పీకేటప్పుడు ఆకలిగా ఉన్నాడా? ఎన్నాళ్ళుగా? ఆయన కోడలు ఆయనతో ఎలా మాట్లాడుతోంది?

ఊళ్ళో మామూలు మనుషులు గుడి లోపలికి పోలేరు, గుర్తుంచుకో. నువ్వు జనమంతా గర్భగుడి ముందు బారులు తీరినట్టు రాశావు, అది మన గుడి. అక్కడ విగ్రహాన్ని చూసేది పూజారి ఒక్కడే. పొద్దున్నే గర్భగుడి తలుపు మీద మట్టి ముద్ర పగలగొట్టి, తలుపు తీసి, దేవుణ్ణి లేపి, కడిగి, బట్ట కట్టి, భోజనం పెట్టి, వెనక్కి నడుస్తూ తన అడుగుల గుర్తులు చీపురుతో తుడిచేసి, మళ్ళీ ముద్ర వేసి వస్తాడు. జనానికి దేవుడు కనిపించేది ఒపెట్ లాంటి పండుగల్లో, అదీ పడవ ఆకారపు పల్లకిలో, తెర చాటున. ఆ పల్లకి ఎటు ఊగితే అది దేవుడి జవాబు అనుకునేవాళ్ళు. కాబట్టి ఊరికి దేవుడు దూరమవడం అంటే పండుగ ఆగిపోవడం, ప్రశ్న అడగడానికి ఎవరూ లేకపోవడం. లక్సర్ గుడి స్తంభాల మంటపం గోడల మీద టుటన్‌ఖామున్ చెక్కించిన ఒపెట్ ఊరేగింపు ఇప్పటికీ ఉంది. సైనికులు, పడవలు లాగేవాళ్ళు, డోలు కొట్టేవాళ్ళు, పల్టీలు కొట్టే నాట్యకత్తెలు. ఫొటోలు తెప్పించుకుని చాలాసేపు చూడు. నీ నవలలో హారతి, గంట, శిఖరం అన్న మాటలు కొట్టేసి, మోతకర్ర, మట్టి ముద్ర, చీపురు అన్నవి పెట్టుకో. "మహాప్రభూ" కూడా వద్దు, వినగానే సినిమా కొలువు కళ్ళముందుకొస్తుంది.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూసిన రోజే ఈ కథ పుట్టిందని ఉత్తరంలో రాశావు. ఆ మాట చదివి సంతోషించాను, చిన్నప్పుడు ఆ గాజుపెట్టె ముందు నేనూ కదలకుండా నిలబడినవాణ్ణే. కానీ ఆ మమ్మీ టుటన్‌ఖామున్ తర్వాత దాదాపు వెయ్యేళ్ళ నాటిది. దాన్ని చూసి నీకు కలిగిన భయాన్ని ఉంచుకో. దాని కట్లూ రంగులూ మాత్రం ఈ కథలోకి తీసుకురాకు.

మన కాలపు గొడవలు కూడా ఇందులోకి తీసుకురాకు. ఒక్క దేవుడా, చాలామందా అన్న చర్చ మనకు వేరే అర్థంలో తెలుసు. ఆటెన్‌ను ఎవరి దేవుడిలాగో, అమున్‌ను ఎవరి దేవుడిలాగో చూపిస్తే చదివేవాళ్ళు పక్షాలు తీసుకుంటారు, పిల్లవాణ్ణి వదిలేస్తారు.

ఇప్పుడు రాతి దగ్గరికి వెళ్దాం. అఖెనాటెన్ మనుషులు అమున్ పేరు కనిపించిన చోటల్లా ఉలితో తొలిచేశారు. సొంత తండ్రి అమెన్‌హోటెప్ పేరులో అమున్ ఉందని ఆ పేరునూ వదల్లేదు. కొన్నిచోట్ల "దేవుళ్ళు" అన్న బహువచనాన్ని కూడా. తర్వాత వచ్చినవాళ్ళు ఆ తొలిచిన చోటే మళ్ళీ పేరు చెక్కారు. ఒకసారి తొలిచిన రాయి లోతు పడుతుంది, కొత్త అక్షరం ఆ గుంటలో కూర్చుంటుంది. పక్క వెలుతురు పడినప్పుడు ఆ మచ్చ బయటపడుతుంది. ఆ శిల్పిని నువ్వు రాయాలి. పదేళ్ళ కింద తొలిచినవాడే ఇప్పుడు చెక్కుతున్నాడేమో. అప్పుడూ కూలి రొట్టెలే, ఇప్పుడూ అవే. కర్నాక్‌లో చేయించిన కొత్త అమున్ విగ్రహాలకు ముఖం ఎవరిదనుకున్నావు? టుటన్‌ఖామున్‌దే. గుండ్రటి బుగ్గలు, కొంచెం ముందుకొచ్చిన పెదవులు. తిరిగి వచ్చిన దేవుడు ఆ పిల్లవాడి ముఖంతో వచ్చాడు. తన ముఖమున్న దేవుడి ముందు పదకొండేళ్ళ వాడు మోకరిల్లిన క్షణం నీ నవలలో లేకపోతే నేను ఊరుకోను.

ఆ తర్వాతది నీకు తెలుసు. ఆయ్ కొన్నేళ్ళు ఏలాడు, ఆ తర్వాత సేనాపతి హోరెంహెబ్ రాజయ్యాడు. పునరుద్ధరణ శాసనం మీద టుటన్‌ఖామున్ పేరు గీకి తన పేరు వేసుకున్నాడు. లక్సర్ ఊరేగింపు బొమ్మల మీదా అంతే చేశాడు. అబైడోస్‌లో సెతి రాజు చెక్కించిన రాజుల జాబితాలో మూడో అమెన్‌హోటెప్ పక్కనే హోరెంహెబ్ ఉంటాడు. మధ్యలో ఈ కుటుంబం లేదు. దేవుళ్ళను తిరిగి తెచ్చినా, తండ్రి మాట ఎత్తకపోయినా, వాడి పేరూ తండ్రి పేరుతో పాటే పోయింది. ఈ భాగాన్ని నువ్వు చివర్లో పదిహేను పేజీలు రాద్దామనుకుంటున్నట్టు చెప్పావు. నాకైతే ఒక్క పేజీ చాలనిపిస్తోంది. నీ కథ హోరెంహెబ్‌ది కాదు.

నీ కథ ఎక్కడ ముగియాలో నాకు తోచింది చెబుతాను, నచ్చకపోతే వదిలెయ్. 1907 జనవరిలో రాజుల లోయలో ఒక చిన్న సమాధి బయటపడింది, ఇప్పుడు దాన్ని కేవీ 55 అంటారు. టుటన్‌ఖామున్ సమాధికి దగ్గరలోనే. లోపల ఒక శవపేటిక. దాని బంగారు ముఖం చాలావరకు ఊడబెరికేశారు, పేరున్న చోట పేరు తొలిచేశారు. అందులో ఒక మగవాడి ఎముకలు. 2010లో వచ్చిన డీఎన్ఏ పరిశోధన ఆ మనిషి టుటన్‌ఖామున్ తండ్రి అని చెప్పింది. చాలామంది పండితులు అది అఖెనాటెనే అంటారు, స్మెంఖ్‌కారె అనేవాళ్ళూ ఉన్నారు. అఖెనాటెన్‌ను మొదట పూడ్చింది అమర్నా కొండల్లో. ఆ ఊరు ఖాళీ అయ్యాక ఎవరో ఆ శరీరాన్ని నది మీదుగా థీబ్స్ తెచ్చి, తాతముత్తాతల లోయలో పెట్టారన్నమాట. ఆ గదిలో మట్టి ముద్రల ముక్కలు దొరికాయి. వాటి మీద నెబ్‌ఖెపెరూరె అని ఉంది. టుటన్‌ఖామున్ పట్టాభిషేక నామం అది. పుట్టినపేరు మారినా ఈ పేరు మాత్రం ఎప్పుడూ మారలేదు.

అందరి ఎదుటా రాతి మీద తండ్రి పేరు పలకని కొడుకు, తండ్రి శరీరాన్ని ఎడారిలో ఒంటరిగా వదిలెయ్యలేదు. తెప్పించాడు. ముద్ర వేయించాడు. శరీరం అఖెనాటెన్‌దే అని తీసుకుని రాయడానికి నవలాకారిణిగా నీకు హక్కుంది, చివర్లో ఒక చిన్న మాటలో భిన్నాభిప్రాయం ఉందని చెప్పు, చాలు.

నువ్వు రాసిన కొలువు ఉపన్యాసం తీసెయ్. దాని బదులు ఈ పేజీ రాయి. రాత్రి, లోయ, మోసుకొచ్చిన పెట్టె, తడి మట్టి. పిల్లవాడు అక్కడ ఉన్నాడో లేదో నువ్వే తేల్చుకో. ఉంటే ఆయ్ వాడి చెయ్యి పట్టుకున్నాడా, దూరంగా నిలబడ్డాడా, అదీ తేల్చుకో. ఎవరూ ఎవరితోనూ ఆటెన్ గురించి గానీ అమున్ గురించి గానీ మాట్లాడకూడదు. ముద్ర ఆరేదాకా నిలబడాలి, అంతే.

ఈ ఒక్క పేజీ కోసం నెలరోజులు పట్టినా టెన్షన్ పడకు. మిగతా సవరణలు తర్వాత చూద్దాం, నా పెన్సిల్ గుర్తులున్న ప్రతిని రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. సంక్రాంతి లోపు ఆ పేజీ వస్తే మేం ఊరికి వెళ్ళేముందే చదివి రాస్తాను. అమ్మానాన్నలకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి